క్యాబిన్ ప్రెషర్ లేని విమాన ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఈ విమానంలో క్యాబిన్ ప్రెషర్ ఉండదట" అని తెలియగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఊపిరి ఆడదేమోనని కొందరికి, చెవులు దెబ్బతింటాయేమోనని కొందరికి, పాడైపోయిన విమానంలో ఎక్కిస్తున్నారేమోనని ఇంకొందరికి భయం. ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుండడంతో జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు సంగతి తెలుసుకోవాలంటే

క్యాబిన్ ప్రెషర్ అంటే ఏమిటి? విమానంలో గాలి నింపుతారా?

నింపుతూనే ఉంటారు, వదులుతూనే ఉంటారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. సముద్ర మట్టంలో ఉండే ఒత్తిడిలో 10,000 అడుగుల ఎత్తున సుమారు 70 శాతం, 18,000 అడుగుల ఎత్తున సగం మిగులుతుంది. పెద్ద జెట్ విమానాలు ఎగిరే 35,000 అడుగుల దగ్గర పావు వంతు కూడా ఉండదు. అక్కడ మనిషి బతకాలంటే లోపల ఒత్తిడి పెంచాలి. అందుకే చాలా విమానాల్లో ఇంజిన్ కంప్రెసర్ నుంచి కొంత గాలి తీసి, చల్లబరిచి క్యాబిన్‌లోకి పంపుతారు. అవుట్‌ఫ్లో వాల్వ్ అనే కవాటం కొద్దికొద్దిగా తెరుచుకుంటూ మూసుకుంటూ, బయటికి పోయే గాలిని అదుపు చేస్తుంది.

లోపలి ఒత్తిడి ఎంత ఎత్తులో ఉండే ఒత్తిడికి సమానమో దాన్ని క్యాబిన్ ఎత్తు అంటారు. మామూలుగా అది 8,000 అడుగులు దాటకుండా చూస్తారు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో 6,000 అడుగుల దగ్గర ఉంచుతారు. అంటే ప్రెషర్ ఉన్న విమానంలో కూర్చున్నా మీ శరీరం ఓ మోస్తరు కొండ మీద ఉన్నట్టే.

ప్రెషర్ లేకపోతే ఆక్సిజన్ ఉండదు కదా, మరి ఊపిరి ఎలా ఆడుతుంది?

ఎంత పైకి వెళ్లినా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టేది ఆ ఒత్తిడే కాబట్టి అది తగ్గితే రక్తానికి అందేది తగ్గుతుంది. కానీ 10,000 అడుగుల లోపు ఆ తగ్గుదలను ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం తట్టుకుంటుంది. లేహ్ విమానాశ్రయం ఉన్నదే 10,600 అడుగులకు పైన. బొలీవియాలోని ఎల్ ఆల్టో విమానాశ్రయం 13,300 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ విమానం తలుపు తీశాక ప్రయాణికులు పీల్చేది ప్రెషర్ లేని గాలే. ఆయాసం వస్తుంది, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది, కానీ అక్కడ ఊళ్లే ఉన్నాయి.

ప్రెషర్ లేకుండా తక్కువ ఎత్తులో ఎగరడం దానంతట అదే ప్రమాదం కాదు. ప్రెషర్ లేకుండా ఎంత ఎత్తుకు వెళ్తున్నాం, ప్రెషర్ లేదన్న సంగతి కాక్‌పిట్‌లో తెలుసా లేదా, ఈ రెండిట్లోనే ప్రాణాపాయం ఉంది.

ఏ విమానాల్లో ప్రెషర్ ఉండదు?

ట్విన్ ఆటర్, సెస్నా కారవాన్, డోర్నియర్ 228, ఎల్-410, బ్రిటన్-నార్మన్ ఐలాండర్ లాంటి చిన్న విమానాల్లో ఉండదు. నీటి మీద దిగే సీప్లేన్లలో, హెలికాప్టర్లలో కూడా సాధారణంగా ఉండదు. ఏటీఆర్, డాష్ 8 విమానాలకు ప్రొపెల్లర్లు కనిపిస్తాయి కాబట్టి వాటిలోనూ ఉండదని చాలామంది అనుకుంటారు. వాటిలో ఉంటుంది.

పూర్వం విమానాలన్నీ ఇలాగే ఉండేవా?

దాదాపు అన్నీ ఇలాగే ఉండేవి. ఎంతో పేరున్న డీసీ-3 కూడా ప్రెషర్ లేని విమానమే. ప్రెషర్ క్యాబిన్‌తో ప్రయాణికులను తీసుకెళ్లిన మొదటి విమానం బోయింగ్ 307 స్ట్రాటోలైనర్, 1940లో సర్వీసులోకి వచ్చింది. దానికి ముందు విమానాలు మేఘాల్లోంచి, కుదుపుల్లోంచి వెళ్లక తప్పేది కాదు. వాంతులతో, భయంతో ప్రయాణికులు నీరసించిపోయేవారు. 1930లో ఎలెన్ చర్చ్ మొదటి మహిళా విమాన సహాయకురాలిగా చేరినప్పుడు ఆమె శిక్షణ పొందిన నర్సు. ఆమెతో పాటు చేరినవాళ్లూ నర్సులే. ఆ కాలపు ప్రయాణం ఎలా ఉండేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

పెద్ద విమానంలో ప్రెషర్ సిస్టమ్ పాడైతే, బాగు చేయకుండానే మమ్మల్ని ఎక్కిస్తారా?

కొన్ని విమానాలకు, కొన్ని షరతుల మీద ఆ వీలుంది. ఇది వినగానే కోపం రావడం సహజం. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్రతి రకం విమానానికీ మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ అని ఒక పత్రం ఉంటుంది. ఏ పరికరం పనిచేయకపోయినా బయల్దేరవచ్చు, ఏ షరతులతో, ఎన్ని రోజుల్లోగా బాగు చేయాలి అన్నవి అందులో ఉంటాయి. దాన్ని విమానయాన నియంత్రణ సంస్థ ఆమోదించాలి. ఆ లిస్టు ఒప్పుకుంటే, ప్రెషర్ సిస్టమ్ పనిచేయని విమానాన్ని 10,000 అడుగులు దాటకుండా, అవుట్‌ఫ్లో వాల్వ్ తెరిచి ఉంచి నడపవచ్చు. వెళ్లే దారిలో కొండలుంటే కుదరకపోవచ్చు. సముద్రం మీద చాలా దూరం వెళ్లాల్సి వస్తే కూడా కుదరకపోవచ్చు. నీళ్ల మీద దించాల్సి వస్తే ఆ తెరిచిన వాల్వ్‌ను ముందు మూసేయాలి, లేకపోతే నీళ్లు లోపలికి వస్తాయి. అదనపు ఇంధనం, క్యాబిన్‌లోకి గాలి ఆడే ఏర్పాటు, ఎలక్ట్రానిక్ పరికరాల చల్లదనం అన్నీ లెక్క చూసుకోవాలి.

నా అభిప్రాయం ఇది. ఆ షరతులన్నీ పాటించి, పైలట్ ఇష్టపూర్వకంగా ఒప్పుకుని బయల్దేరితే ఆ ప్రయాణం సురక్షితమే. కానీ ప్రయాణికులకు ముందే చెప్పకపోవడం తప్పు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు 8,000 అడుగులకూ 10,000 అడుగులకూ చాలా తేడా ఉంటుంది. ఎక్కాలో వద్దో నిర్ణయించుకునే అవకాశం వాళ్లకు ఇవ్వాలి.

తక్కువ ఎత్తులో వెళ్తే ఇంధనం అయిపోదా?

ఎక్కువే ఖర్చవుతుంది. 10,000 అడుగుల దగ్గర గాలి 35,000 అడుగుల దగ్గర కన్నా రెండు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. జెట్ విమానం ఆ చిక్కటి గాలిని చీల్చుకుంటూ పోవాలి. పైగా చాలా దేశాల్లో 10,000 అడుగుల లోపు 250 నాట్ల (గంటకు సుమారు 460 కిలోమీటర్ల) వేగం దాటకూడదన్న నియమం ఉంది. ఈ లెక్కంతా బయల్దేరే ముందే వేస్తారు. దూరం ఎక్కువైతే మధ్యలో దిగి ఇంధనం నింపుకుంటారు, లేదా ఆ ప్రయాణమే రద్దు చేస్తారు.

## టికెట్ తీసుకునే ముందు

నేను ఎక్కబోయే విమానంలో ప్రెషర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు టికెట్ మీద గానీ బుకింగ్ వివరాల్లో గానీ విమానం రకం రాసి ఉంటుంది. 20 సీట్ల లోపు ప్రొపెల్లర్ విమానమైతే సంస్థకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ప్రెషర్ ఉంటుందా? ఈ దారిలో ఎంత ఎత్తులో ఎగురుతారు? రెండో ప్రశ్నే ముఖ్యం. సముద్రపు దీవుల మధ్య 3,000 అడుగుల్లో ఎగిరే సీప్లేన్ వేరు, పర్వతాల మధ్య 12,000 అడుగులకు ఎక్కే ట్విన్ ఆటర్ వేరు.

నాకు ఊపిరితిత్తుల జబ్బు (లేదా గుండె జబ్బు) ఉంది. వెళ్లవచ్చా?

డాక్టర్‌ను అడగకుండా వెళ్లకండి. అడిగేటప్పుడు "విమానం ఎక్కవచ్చా" అని మాత్రమే అడిగితే డాక్టర్ మామూలు విమానాన్ని మనసులో పెట్టుకుని, అంటే 8,000 అడుగుల లెక్కలో జవాబు చెబుతారు. "ప్రెషర్ లేని విమానం, ఇన్ని అడుగుల ఎత్తున ఇంతసేపు" అని స్పష్టంగా చెప్పండి.

ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు ప్రయాణానికి ముందు ఒక పరీక్ష చేస్తారు. 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్పించి, రక్తంలో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో చూస్తారు. ఆ 15 శాతం 8,000 అడుగుల ఎత్తుకు సమానం. 10,000 అడుగులకు లెక్కిస్తే సుమారు 14 శాతం అవుతుంది. కాబట్టి ఆ పరీక్షలో బొటాబొటీగా గట్టెక్కినవాళ్లు ప్రెషర్ లేని ప్రయాణానికి పనికొస్తారని అనుకోకూడదు.

సీఓపీడీ (ఊపిరి మార్గాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాల జబ్బు), పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అధిక ఒత్తిడి), ఈమధ్యే వచ్చిన గుండెపోటు, తీవ్రమైన రక్తహీనత, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డుపడతాయి. అదుపులో ఉన్న ఆస్తమా అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇన్‌హేలర్ సామాన్ల బ్యాగులో కాకుండా జేబులోనే ఉండాలి.

నా ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ తెచ్చుకోవచ్చా?

గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరు చేసి ఇచ్చే ఆ యంత్రానికి సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ యంత్రం ఎంత ఎత్తు వరకు పనిచేస్తుందో దాని మాన్యువల్‌లో చూడండి. ఒక్కో మోడల్‌కు ఒక్కో హద్దు ఉంటుంది. ప్రెషర్ ఉన్న విమానంలో ఈ హద్దును ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే క్యాబిన్ 8,000 దాటదు. ఇక్కడ పట్టించుకోవాలి. ఆలస్యాలు కూడా లెక్కలోకి తీసుకుని అదనపు బ్యాటరీ పెట్టుకోండి.

గర్భిణి వెళ్లవచ్చా?

ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యకరమైన గర్భమైతే 10,000 అడుగుల లోపు చిన్న ప్రయాణం సాధారణంగా హాని చేయదు. రక్తహీనత, బీపీ, బిడ్డ ఎదుగుదలలో లోపం ఉంటే వద్దు. ఏది ఏమైనా మీ డాక్టర్ మాటే ఆఖరి మాట.

కంటి ఆపరేషన్ అయ్యింది, డాక్టర్ కంట్లో గ్యాస్ పెట్టారు. వెళ్లనా?

వెళ్లవద్దు. రెటీనా ఆపరేషన్‌లో పెట్టిన గ్యాస్ బుడగ ఎత్తుకు వెళ్లేకొద్దీ ఉబ్బి కంటి లోపలి ఒత్తిడిని పెంచుతుంది. చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఇది ప్రెషర్ ఉన్న విమానానికి కూడా వర్తిస్తుంది. గ్యాస్ పూర్తిగా పోయిందని కంటి డాక్టర్ చెప్పేవరకు ఏ విమానమూ వద్దు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన న్యుమోథొరాక్స్ ఉన్నవాళ్లకు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు కూడా డాక్టర్ అనుమతి తప్పనిసరి.

నిన్న స్కూబా డైవింగ్ చేశాను. ఈరోజు ఎక్కవచ్చా?

డైవింగ్‌లో రక్తంలో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకు వెళ్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఒక్కసారే డైవ్ చేస్తే 12 గంటలు, పలుమార్లు లేదా పలు రోజులు చేస్తే 18 గంటలు, డీకంప్రెషన్ డైవ్ (పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్యలో ఆగి రావాల్సిన డైవ్) అయితే అంతకన్నా బాగా ఎక్కువసేపు ఆగాలన్నది ప్రచారంలో ఉన్న సలహా. కానీ ఆ అంకెలు 8,000 అడుగుల క్యాబిన్ ఎత్తు వరకే వర్తిస్తాయి. ప్రెషర్ లేని విమానం అంతకన్నా పైకి వెళ్లేదైతే ఒక్క డైవ్ చేసినా కనీసం 24 గంటలు ఆగమంటాను. ఎక్కువ డైవ్‌లు చేసి ఉంటే డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్‌ను అడగండి. దీవుల్లో సీప్లేన్లు ఎక్కేవాళ్లు, డైవింగ్ చేసేవాళ్లు చాలావరకు ఒకరే కాబట్టి ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

## ఎక్కే రోజు

జలుబుగా ఉంది. ఫర్వాలేదా?

ముక్కు పూర్తిగా దిబ్బడ వేసి ఉంటే వాయిదా వేసుకోవడం మంచిది. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి వెళ్లే సన్నటి గొట్టం వాచి ఉంటే చెవిలో ఒత్తిడి సర్దుకోదు. ప్రెషర్ ఉన్న విమానం 35,000 అడుగుల నుంచి దిగినా మీ చెవికి తెలిసేది 8,000 అడుగుల దిగుడే, అదీ యంత్రం నిదానంగా దింపుతుంది. ప్రెషర్ లేని విమానంలో అయితే విమానం ఎంత వేగంగా దిగితే చెవి మీద ఒత్తిడి అంత వేగంగా మారుతుంది. తప్పనిసరి ప్రయాణమైతే, ముక్కు దిబ్బడ తగ్గించే డీకంజెస్టెంట్ చుక్కలు వాడవచ్చేమో డాక్టర్‌ను అడగండి. బీపీ ఉన్నవాళ్లు సొంతంగా వాడకూడదు.

ఏం తిని ఎక్కాలి?

తేలికగా తినండి. 10,000 అడుగుల దగ్గర పొట్టలోని గ్యాస్ సముద్ర మట్టంలో కన్నా సుమారు 45 శాతం వ్యాకోచిస్తుంది. కూల్‌డ్రింకులు, కడుపు ఉబ్బించే పదార్థాలు ముందు పూట మానేయండి. మందు తాగి ఎక్కవద్దు. మద్యం వల్ల శరీరం ఆక్సిజన్‌ను సరిగా వాడుకోలేదు. నిద్రమాత్రలు కూడా వద్దు.

లోపల చలేస్తుందా?

వేయవచ్చు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. చిన్న విమానాల్లో హీటర్ ఉంటుంది కానీ అన్ని సీట్లకూ సమానంగా వేడి అందదు. ఒక స్వెటర్ చేతిలో ఉంచుకోండి.

## గాల్లో ఉన్నప్పుడు

ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడతాయా?

చిన్న విమానాల్లో అలాంటి మాస్కులు ఉండనే ఉండవు. 10,000 అడుగుల లోపు వాటి అవసరం లేదు. అంతకన్నా పైకి వెళ్లే దారుల్లో సిలిండర్, మాస్కులు విడిగా తీసుకెళ్తారు. పెద్ద విమానాన్ని ప్రెషర్ లేకుండా తక్కువ ఎత్తులో నడిపినా మాస్కులు పడవు. క్యాబిన్ ఎత్తు సుమారు 14,000 అడుగులు చేరితేనే అవి వాటంతట అవి పడతాయి. పడినా వాటి ఆక్సిజన్ చాలా విమానాల్లో సుమారు 12 నుంచి 15 నిమిషాలే వస్తుంది. విమానం కిందికి దిగేదాకా ప్రాణం నిలపడమే వాటి పని.

ఎత్తుకు వెళ్లి పైలట్‌కే మత్తు వస్తే మా గతేంటి?

ఈ పేజీలో ఉన్న ప్రశ్నలన్నిట్లో సరైన భయం ఇదే. మెదడుకు ఆక్సిజన్ తగ్గడాన్ని హైపాక్సియా అంటారు. అది నొప్పి పుట్టించదు, గొంతు నులిమినట్టు ఉండదు. చాలామందికి హాయిగా, ధీమాగా అనిపిస్తుంది. లెక్కలు తప్పుతాయి, చూపు చుట్టూ నుంచి కుంచించుకుపోతుంది, గోళ్లు నీలంగా మారతాయి, అయినా "నేను బాగానే ఉన్నాను" అనే అనిపిస్తుంది. ప్రమాదాన్ని పసిగట్టాల్సిన మెదడే ముందు దెబ్బతింటుంది.

1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు 8,000 మీటర్లకు పైగా ఎక్కారు. వాళ్ల దగ్గర ఆక్సిజన్ సంచులు ఉన్నాయి. కానీ దాని గొట్టం అందుకోవాలనుకునే సరికి చేతులు కదల్లేదు. క్రోచె-స్పినెల్లి, సివెల్ చనిపోయారు. బతికి బయటపడ్డ గాస్తోన్ తిసాందియే ఆ ఎత్తులో బాధేమీ తెలియలేదని, లోలోపల ఏదో ఆనందం కలిగిందని ఆ తర్వాత రాశాడు. ఆక్సిజన్ చేతికి అందేంత దగ్గరలో ఉండి కూడా ఇద్దరు చనిపోయారు. అందుకే "లక్షణాలు కనిపించాక మాస్క్ పెట్టుకుందాం" అనే పద్ధతిని విమానయానం నమ్మదు. ఎత్తు అంకె చూసి మాస్క్ పెట్టుకోవాలి.

ఆ అంకెలు నిబంధనల్లో ఉన్నాయి. అమెరికాలో డబ్బు తీసుకుని ప్రయాణికులను చేరవేసే చిన్న ప్రెషర్ లేని విమానాల్లో, 10,000 దాటి 12,000 అడుగుల వరకు 30 నిమిషాలకు మించి ఎగిరితే పైలట్లు ఆక్సిజన్ వాడాలి. 12,000 దాటితే ఎంతసేపైనా వాడాల్సిందే. 15,000 అడుగులు దాటితే ప్రయాణికులందరికీ ఆక్సిజన్ ఉండాలి. 10,000 అడుగుల హద్దు ప్రపంచమంతటా కాస్త అటూఇటూగా ఇలాగే కనిపిస్తుంది.

స్పృహ ఎంతసేపు ఉంటుంది?

ఆక్సిజన్ అందకపోతే మనిషి సరిగా ఆలోచించి పని చేయగలిగే సమయం 18,000 అడుగుల దగ్గర సుమారు 20 నుంచి 30 నిమిషాలు, 25,000 దగ్గర 3 నుంచి 5 నిమిషాలు, 35,000 దగ్గర 30 నుంచి 60 సెకన్లు. ప్రెషర్ పాడైన పెద్ద విమానాన్ని నడపడానికి అనుమతి ఉన్న 10,000 అడుగులు ఈ ఎత్తులన్నిటికీ చాలా కింద ఉంది.

పల్స్ ఆక్సిమీటర్‌లో 88 చూపిస్తోంది. భయపడాలా?

10,000 అడుగుల దగ్గర ఆరోగ్యవంతులకు కూడా 90కి అటూఇటూగా రావచ్చు. వేళ్లు చల్లబడినా అంకె తప్పు చూపిస్తుంది. చెయ్యి రుద్ది వెచ్చబరిచి మళ్లీ చూడండి. నిదానంగా, కాస్త లోతుగా ఊపిరి తీసుకోండి. అంకె ఎలా ఉన్నా ఆయాసం, ఛాతీ నొప్పి, తికమక, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి. వీలైతే పైలట్ ఇంకా కిందికి దించుతారు.

తలుపో కిటికీయో ఊడిపోతే మమ్మల్ని బయటికి లాగేస్తుందా?

ప్రెషర్ లేని విమానంలో లోపలా బయటా ఒత్తిడి ఒకటే. లాగేసే శక్తి పుట్టేది ఆ రెండిటి తేడా వల్లే. హోరుగాలి, చప్పుడు, చలి ఉంటాయి కానీ క్యాబిన్ పేలినట్టు గాలి బయటికి దూసుకుపోదు. అయినా తలుపు ఊడితే అది తోకకు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి తేలిగ్గా తీసుకునేది కాదు. బెల్టు ఎప్పుడూ పెట్టుకునే ఉండండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రెషర్ ఉన్న విమానం ఒళ్లు ప్రతి ప్రయాణంలోనూ బెలూన్‌లా కొద్దిగా ఉబ్బి మళ్లీ సడలుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే లోహం అలసిపోయి పగుళ్లిస్తుంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే ముక్కలవడానికి ఇదే కారణం. 1988 ఏప్రిల్ 28న హవాయిలో ఒక బోయింగ్ 737 పైకప్పు 24,000 అడుగుల ఎత్తులో ఊడిపోయింది. అప్పటికి అది దాదాపు 90,000 సార్లు ఎగిరి దిగింది. ప్రెషర్ లేని విమానానికి ఈ రకమైన అలసట ఉండదు.

ఇన్ని కుదుపులు ఎందుకు? విమానానికి ఏమైనా అయ్యిందా?

ఎండకు నేల వేడెక్కి లేచే గాలి, కొండల మీదుగా వీచే గాలి, మేఘాలు, వాన ఎక్కువగా ఉండేది కింది ఎత్తుల్లోనే. పెద్ద జెట్ విమానాలు వీటి పైన వెళ్లిపోతాయి. మీ విమానం ఆ మధ్యలోంచి వెళ్లాలి. ఉదయం పూట సర్వీసు దొరికితే అది తీసుకోండి, గాలి నెమ్మదిగా ఉంటుంది.

తక్కువ ఎత్తులో వెళ్తే వేరే ప్రమాదాలు లేవా?

ఉన్నాయి. నిజానికి ఆక్సిజన్ గురించి పడే భయంలో సగం వీటి గురించి పడితే సబబుగా ఉంటుంది.

మొదటిది కొండలు. పర్వత ప్రాంతాల్లో 10,000 అడుగుల హద్దు పాటిస్తే శిఖరాల మధ్య లోయల్లోంచి వెళ్లాలి. మేఘం కమ్మితే దారి కనిపించదు. నేపాల్‌లోని లుక్లా విమానాశ్రయం 9,300 అడుగులకు పైన ఉంది. అక్కడికి ఎగిరే చిన్న విమానాల సర్వీసులు వాతావరణం బాగోక తరచూ రద్దవుతాయి. అలా రద్దు చేసినప్పుడు విసుక్కోకండి, ఒత్తిడి చేయకండి. ఆ నిర్ణయం మీ ప్రాణం కోసమే.

రెండోది మంచు. రెక్కల మీద మంచు పేరుకునే మేఘాల పైకి ఎక్కే వీలు ఈ విమానాలకు తక్కువ. మూడోది పక్షులు. అవి ఎగిరేది ఎక్కువగా ఈ ఎత్తుల్లోనే. నాలుగోది సమయం. ఇంజిన్లన్నీ ఆగిపోతే ఒక జెట్ విమానం 35,000 అడుగుల నుంచి సుమారు 180 కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు. 10,000 అడుగుల నుంచి అయితే 50 కిలోమీటర్లే. దిగే చోటు వెతుక్కునే వ్యవధి ఆ మేరకు తగ్గుతుంది.

## ఏదైనా తేడా జరిగితే

ప్రెషర్ లేక విమానంలో అందరూ చనిపోయారని చదివాను. అది ఇదేనా?

అది వేరు, ఆ తేడా తెలుసుకోవడం అవసరం. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్ వెళ్తున్న హీలియోస్ 522 విమానం గ్రీస్‌లో కూలి 121 మంది చనిపోయారు. అది ప్రెషర్ ఉండాల్సిన బోయింగ్ 737. నేల మీద మరమ్మతు పరీక్ష చేసినప్పుడు ప్రెషర్ స్విచ్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు (చేత్తో అదుపు చేయాల్సిన పద్ధతికి) మార్చి అలాగే వదిలేశారు. పైలట్లు బయల్దేరే ముందు అది గమనించలేదు. పైకి ఎక్కుతుండగా హెచ్చరిక హారన్ మోగింది. కానీ టేకాఫ్‌కు విమానాన్ని సరిగ్గా సిద్ధం చేయకపోతే మోగే హారన్ శబ్దం కూడా అదే. వాళ్లు దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు. కారణం వెతుకుతుండగానే స్పృహ తప్పింది. ఆటోపైలట్ విమానాన్ని 34,000 అడుగులకు తీసుకెళ్లింది. ఇంధనం అయిపోయేదాకా అది ఎగురుతూనే ఉంది.

ప్రెషర్ లేదని తెలిసి ఉంటే వాళ్లు 10,000 అడుగుల దగ్గరే ఆగేవారు, 121 మందీ ఇంటికి చేరేవారు. ప్రెషర్ లేదని తెలిసి, ప్రకటించి, తక్కువ ఎత్తులో నడిపే విమానం నన్ను భయపెట్టదు. ప్రెషర్ ఉందనుకుని ఎక్కిపోయేదే భయపెడుతుంది.

ముంబై-జైపూర్ విమానంలో ముక్కుల్లోంచి రక్తం వచ్చింది కదా, మాకూ అలా అవుతుందా?

2018 సెప్టెంబర్ 20న జరిగిన ఆ ఘటనలో క్యాబిన్‌లోకి గాలి పంపే స్విచ్‌ను సిబ్బంది ఆన్ చేయలేదు. విమానం ప్రెషర్ లేకుండానే, జెట్ విమానం ఎక్కే వేగంతో ఎక్కింది. సుమారు 30 మందికి ముక్కు, చెవుల నుంచి రక్తం, తలనొప్పి వచ్చాయి. మాస్కులు పడ్డాయి, విమానం ముంబైకి తిరిగొచ్చింది. చిన్న విమానం నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున నిదానంగా ఎక్కుతుంది, అంత ఎత్తుకూ వెళ్లదు. ఆరోగ్యంగా ఉన్న ముక్కు, చెవులకు అలాంటి దెబ్బ తగిలే అవకాశం చాలా తక్కువ.

ప్రయాణంలో తలనొప్పి మొదలైంది, ఏదో పొగ వాసన కూడా వస్తోంది. ఎత్తు వల్లేనా?

వాసన వస్తే ఎత్తు వల్ల అనుకుని ఊరుకోవద్దు. కొన్ని చిన్న పిస్టన్ ఇంజిన్ విమానాల్లో హీటర్ గాలి ఇంజిన్ పొగగొట్టం వేడి నుంచి వస్తుంది. గొట్టంలో పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరుతుంది. ఆ వాయువుకు సొంతంగా వాసన లేదు కానీ దాంతోపాటు వచ్చే పొగకు ఉంటుంది. వెంటనే పైలట్‌కు చెప్పండి. హీటర్ ఆపి, తాజా గాలి తెరిచి, దగ్గర్లో దిగుతారు.

## దిగేటప్పుడు, దిగాక

చెవులు నొప్పి పెట్టకుండా ఏం చేయాలి?

ఎక్కేటప్పుడు చెవులు వాటంతట అవే సర్దుకుంటాయి. ఇబ్బంది దిగేటప్పుడే. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగడం మొదలవగానే చప్పరించే బిళ్ల నోట్లో వేసుకుని గుటకలు వేస్తూ ఉండండి. ఆవలించండి. అప్పటికీ తెరుచుకోకపోతే ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, మెల్లగా ముక్కులోకి గాలి ఊదండి. బలంగా ఊదితే లోపలి పొర దెబ్బతింటుంది. నిద్రపోతుంటే గుటకలు తగ్గిపోతాయి కాబట్టి దిగే ముందు లేపమని పక్కవాళ్లకు చెప్పండి.

ఎత్తు తగ్గేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు ఒత్తిడి మార్పు పెరుగుతుంది. అందుకే నేలకు దగ్గరగా ఉన్న ఆఖరి కొన్ని వేల అడుగులు చెవులకు ఎక్కువ కష్టం. మంచి పైలట్ నిమిషానికి 500 అడుగుల చొప్పున దించుతారు. 10,000 అడుగుల నుంచి ఆ లెక్కన 20 నిమిషాలు పడుతుంది. నొప్పి భరించలేనంతగా ఉంటే చెప్పండి. వీలున్నచోట దిగడం ఆపి, కాస్త పైకి ఎక్కి, మళ్లీ నెమ్మదిగా దించగలరు.

చంటిబిడ్డ ఉన్నాడు. వాడికి చెప్పలేం కదా?

దిగేటప్పుడు పాలు పట్టండి, లేదా పాలపీక ఇవ్వండి. చప్పరిస్తూ మింగుతుంటే చెవులు తెరుచుకుంటాయి. ఏడ్చినా కంగారు పడకండి, ఏడుపు కూడా అదే పని చేస్తుంది. పుట్టి కొద్ది రోజులే అయిన బిడ్డను, నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్న బిడ్డను పిల్లల డాక్టర్ ఒప్పుకుంటేనే తీసుకెళ్లాలి.

దిగాక కూడా చెవి మూసుకుపోయినట్టే ఉంది. ఎన్నాళ్లు చూడాలి?

చాలామందికి కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతుంది. గుటకలు, ఆవలింతలు, ఆవిరి పట్టడం సాయపడతాయి. చెవిలోంచి రక్తం గానీ నీరు గానీ కారినా, వినికిడి బాగా తగ్గినా, కళ్లు తిరిగినా ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తిరుగు ప్రయాణం టికెట్ ఉంటే చెవి తెరుచుకునేదాకా దాన్ని వాయిదా వేసుకోండి.